‘ఏమీ లేదు’ గారికి ఒక పాత స్నేహితుడి లేఖ

మహారాజశ్రీ ‘ఏమీ లేదు’ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అనాలి గానీ, క్షేమంగా ఉన్నది మీరే. నా మోచెయ్యి పైకి లేవడం లేదు.

కిందటి నెల అర్ధరాత్రి మంచం దిగి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మాయి. పట్టుకోవడానికి గోడ దొరకలేదు, మీరు దొరికారు. అమ్మాయి పరుగెత్తుకొచ్చి ‘ఏమైంది నాన్నా?’ అంటే, నేను ఇంకా నేల మీద ఉండగానే నా తరఫున మీరు బదులు చెప్పేశారు. ఎంత విశ్వాసం!

మొన్న డాక్టరు దగ్గరికీ వెంట వచ్చారు. పొడుగు చేతుల చొక్కా మీ సలహాయే. లోపల మోచెయ్యి నల్లగా కమిలి, అంచులు పచ్చబడుతోంది. ‘ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా?’ అని డాక్టరమ్మ అడిగారు. ‘ఏమీ లేదమ్మా’ అన్నాం, మీరూ నేనూ ఏకకంఠంతో. కాలు జారడం, తూలడం, కూలబడటం... మీ నిఘంటువులో ఇవేవీ పడటం కిందికి రావు కదా.

మీ కొలువులో నేనొక్కడినే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 65 దాటినవారిలో ఏటా 28 నుంచి 35 శాతం మంది పడుతున్నారు. అలా పడిన పెద్దవాళ్లలో సగం మంది కూడా ఆ సంగతి డాక్టరుకు చెప్పరని అమెరికాలో తేలింది. ఇంత పెద్ద పరివారం ఏ చక్రవర్తికి ఉంది?

అయితే ఈ డాక్టరమ్మ గడుసు మనిషి. నా నోటిని వదిలేసి కాళ్లను అడిగారు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పట్టిందంటే పడిపోయే ముప్పు ఉందని అనుమానించాలట. నాకు 16 పట్టింది. మలుపు దగ్గర బల్ల అంచు పట్టుకుని, ‘బల్ల భలే నున్నగా ఉందే’ అన్నాను. అది మీ తమ్ముడి మాట అనుకుంటా.

తర్వాత పడుకోబెట్టి బీపీ చూశారు, నిలబెట్టి మళ్లీ చూశారు. పై అంకె 24 తగ్గింది. నిలబడిన 3 నిమిషాల్లోపు 20 తగ్గినా పట్టించుకోవాల్సిందేనట. ఆ రాత్రి కళ్లు ఎందుకు బైర్లు కమ్మాయో అప్పుడు అర్థమైంది. ‘మందులేమైనా వాడుతున్నారా?’ అన్నారు. మీరు గొంతు సవరించుకునేలోపే అమ్మాయి సంచీ బోర్లించింది. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు, ఎప్పటిదో దురద మాత్రల అట్ట. ఆ చివరి రెండూ చేతిలోకి తీసుకుని, ‘ఈ రెండూ మత్తు తెచ్చేవే. నిద్రమాత్ర ఒక్కసారిగా మానకండి, నేనే మెల్లగా తగ్గిస్తాను’ అన్నారావిడ. కళ్లజోడు, చెప్పులు కూడా చూశారు. మూడు నెలలుగా నడకకు ఎందుకు వెళ్లడం లేదని అడిగారు. పడతానన్న భయంతో నడక మానేశాను, నడక మానేసరికి కాళ్లలో సత్తువ పోయింది. ఈ గానుగకు ఎద్దును కట్టింది మీరే.

ఆఖరున ఆవిడ కలం పక్కన పెట్టి, ‘ఇప్పుడు చెప్పండి, ఎన్నిసార్లు పడ్డారు?’ అన్నారు. మీరు నాలుక కొస దాకా వచ్చారు. నేను చొక్కా చెయ్యి పైకి మడిచాను.

‘మూడుసార్లు.’

అమ్మాయి చటుక్కున నా వైపు తిరిగింది. తన లెక్కలో ఒకటే.

ఇట్లు,
ఇకపై మీ సేవలు అక్కరలేని
పాత స్నేహితుడు