కడగడం దగ్గరే ఉంది అసలు పని

తేమను పీల్చే సిలికా జెల్ గింజల తయారీ గురించి మీ వ్యాసంలో బాగా రాశారండీ. కానీ జెల్‌ను కడగడాన్ని ఒక్క ముక్కలో దాటేశారు. సోడియం సిలికేట్ ద్రావణానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే జున్నులా గడ్డకడుతుంది, నీటితో నిండిన ఆ ముద్దే హైడ్రోజెల్. ఆ చర్యలో పుట్టిన సోడియం సల్ఫేట్ అనే ఉప్పు దాంట్లోనే చిక్కుకుని ఉంటుంది, దాన్ని వదిలించడానికే కడగాలి. విశాఖలో మా ల్యాబ్‌లో పిల్లలు తొందరపడి రెండుసార్లే కడిగి ఆరబెడితే, గింజల మీద తెల్లగా ఉప్పు పొర కట్టింది. కడిగే నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి), వేడి మారితే జెల్ లోపలి సన్నని రంధ్రాల సైజే మారిపోతుంది. సరిగా ఆరితే గ్రాముకు 700 చదరపు మీటర్ల దాకా ఉపరితలం! తేమను అంతలా పీల్చేది అందుకే. డెసికేటర్ (వస్తువులను తేమ తగలకుండా ఉంచే మూత పాత్ర) మూత కాస్త తెరిచి ఉన్నా, మా సముద్రపు తేమ గాలికి కోబాల్ట్ కలిపిన నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగిపోతాయి. ఆరబెట్టని హైడ్రోజెల్‌తోనే వంటనూనెల శుద్ధిలో నూనెలో మిగిలిన సబ్బు, ఫాస్ఫోలిపిడ్లు (ఫాస్ఫరస్ ఉన్న కొవ్వు పదార్థాలు) తీసేస్తారు. దాని మీద కూడా రాయండి, దయచేసి.