బ్యాంక్సీ కన్నా ఫ్లెక్సీ మిన్న

విదేశాలు చుట్టి వచ్చినవాళ్లు ఈ మధ్య కోటలూ మేడలూ చూపించడం మానేశారు, గోడలు చూపిస్తున్నారు. బెర్లిన్‌లో ఒక గోడ, మెల్‌బోర్న్‌లో ఒక సందు, మలేసియాలోని పెనాంగ్‌లో ఒక పాత ఇంటి ప్రహరీ. అదంతా వీధి చిత్రకళ అట. గైడును పెట్టుకుని, కాళ్లు పీకేదాకా తిరిగి మరీ చూస్తారట. అలా చూడదగ్గ నగరాల జాబితాలు ఎన్ని తిరగేసినా విజయవాడ పేరు లేదు. దీన్ని పొరపాటని సరిపెట్టుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

బందరు రోడ్డులోనో ఏలూరు రోడ్డులోనో ఖాళీ గోడ ఒక్కటి చూపించండి. 'పోస్టర్లు అంటించరాదు' అని రాసిన గోడ కూడా ఖాళీగా లేదు కదా, ఆ రాత ఉంది. రాత మీద పోస్టరు ఉంది. ఇంత నిండుదనం ఉన్న ఊరిని వదిలేసి, ఒకప్పుడు బెర్లిన్‌ను రెండుగా చీల్చిన గోడలో మిగిలిన 1,316 మీటర్ల ముక్కను చూసి లోకం మూర్ఛపోతోంది. 1,316 మీటర్లంటే మన ప్రకాశం బ్యారేజీ కన్నా తొంభై మీటర్లు ఎక్కువ, అంతే. దాని మీద బొమ్మలు వేయడానికి 1990లో 21 దేశాల నుంచి 118 మంది చిత్రకారులు కావలసి వచ్చారు. మన దగ్గర అంత పొడవు నింపడానికి ఒక పుట్టినరోజు చాలు.

అక్కడ అన్నిటికన్నా పేరుపడ్డ బొమ్మలో సోవియట్ నేత బ్రెజ్నెవ్, తూర్పు జర్మనీ నేత హోనెకర్ ముద్దు పెట్టుకుంటూ ఉంటారు. ఇద్దరి తలలూ దాదాపు ఒకే సైజు. ఇంతటి నిర్లక్ష్యం ఇక్కడ సాగదు. ఇద్దరు నాయకులను ఒకే చట్రంలో వేయాలంటే ఎవరు పైన, ఎవరు కింద, ఎవరి తల ఎన్ని అంగుళాలు అన్నది ముందే తేలాలి.

ప్రపంచ వీధి చిత్రకళకు పట్టిన అసలు జబ్బు ఇంకొకటి. బొమ్మ గీసినవాడు కనబడడు. ఇంగ్లండులో బ్రిస్టల్ నుంచి బయలుదేరిన బ్యాంక్సీ అనే ఆయన చీకట్లో వచ్చి, అట్టముక్క అచ్చు మీద రంగు చిమ్మి, తెల్లారేలోగా మాయమవుతాడు. ముఖం చూపించడు. దీని ఫలితం ఏమైందో చూడండి. మెల్‌బోర్న్‌లో హోసియర్ లేన్ అనే సందులో ఆయన గీసిన ఎలుకను 2010లో నగరపాలక సిబ్బంది మామూలు పిచ్చిగీత అనుకుని రంగు కొట్టేశారు. తర్వాత నాలుక కరుచుకున్నారు. అదే ఎలుక పక్కన నమస్కారం పెడుతున్న ఫొటో, దాని కింద 'మీ బ్యాంక్సీ అన్న, హోసియర్ లేన్ యువసేన' అని ఉండి ఉంటే ఏ ఉద్యోగి చేయి ఆ గోడ మీదకు లేచేది?

మన కళలో ఈ దాపరికం లేదు. బెంజి సర్కిల్ దగ్గర ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ ముందు కాసేపు నిలబడండి, ట్రాఫిక్ నిలబడనిస్తే. నడుమ జన్మదిన వేడుకలు జరుపుకుంటున్న నాయకుడు. నల్ల కళ్లద్దాలు, చెవి దగ్గర ఫోను. అవతలి వైపు ఎవరున్నారో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. వెనక సింహం, సింహం వెనక మెరుపులు. పైన ఒక మూల రాష్ట్ర నాయకుడు, ఇంకో మూల స్వర్గీయ నాయకుడు, ఆయన తల చుట్టూ వెలుగు. అడుగున వరసగా గుండ్రటి బిళ్లల్లో శుభాకాంక్షలు తెలుపుతున్నవారు, అందరూ ఒకే స్టూడియోలో ఒకే నీలం తెర ముందు ఒకే దువ్వెనతో తల దువ్వుకుని దిగినట్టుంటారు. ఏ బిళ్ల ఎంత ఉండాలన్నది చిత్రకారుడి ఊహకు వదిలేసే విషయం కాదు. కార్యదర్శి ముఖం అధ్యక్షుడి ముఖం కన్నా వెంట్రుకవాసి పెద్దదైందంటే ప్రింటింగు కొట్టులో అర్ధరాత్రి దాకా పంచాయితీ. 'అన్నను కొంచెం తెల్లగా చెయ్యి' అని ఒకరు, 'నన్ను రెండో వరసలోకి ఎవరు తోశారు' అని ఇంకొకరు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడి భుజాల మీద వాలి ఉంటారు. అంత పెద్ద ఫ్లెక్సీలో, సింహంతో సహా అందరికీ చోటు దొరికిన దాంట్లో, ఆ కుర్రవాడి పేరు మాత్రం ఉండదు. ఆ ఒక్క విషయంలో మనం బ్యాంక్సీ సంప్రదాయాన్ని నిష్ఠగా పాటిస్తున్నాం.

విలువ సంగతి కూడా చూడాలి. 2018లో లండన్ వేలంలో బ్యాంక్సీ బొమ్మ ఒకటి పది లక్షల పౌండ్లకు పైగా పలికింది. సుత్తి దెబ్బ పడగానే చట్రంలో దాచిన యంత్రం దాన్ని సగం దాకా పేలికలు చేసింది. మూడేళ్ల తర్వాత ఆ పేలికలే కోటీ ఎనభై అయిదు లక్షల పౌండ్లకు అమ్ముడుపోయాయి. చిరిగితే ధర పెరగడం వాళ్ల పద్ధతి. మన దగ్గర ఫ్లెక్సీ చిరిగితే ధర్నా, రాస్తారోకో, ఆ కూడలిలో పోలీసు పికెట్. కళాఖండానికి ఇంతటి గౌరవం ఏ మ్యూజియం ఇవ్వగలదు?

పెనాంగ్ వాళ్లు మరీ అమాయకులు. జార్జ్ టౌన్‌లో 2012లో ఎర్నెస్ట్ జకారెవిచ్ అనే లిథువేనియా చిత్రకారుడు ఒక గోడ మీద ఇద్దరు పిల్లల బొమ్మ వేసి, వాళ్ల కింద నిజం సైకిలు బిగించాడు. ఆ సైకిలు పక్కన ఫొటో దిగడానికి ఇప్పటికీ జనం వరస కడతారు. ఆ పని గుంటూరు బ్రాడీపేటలో చేసి చూడమనండి. మొదట వచ్చే ప్రశ్న 'ఇది ఎవరు వేయించారు' అని. ఎన్నికల కోడ్ రాగానే సైకిలుకు గుడ్డ చుడతారు. సైకిలు ఎందుకని దాని బదులు ఫ్యాను బిగిస్తే అదీ గుర్తే. గాజు గ్లాసు పెట్టినా గుర్తే. పిల్లలిద్దరినీ గాలిలో కూర్చోబెట్టాలి.

ఒట్టి రంగు కూడా ఇక్కడ ఊరికే రంగుగా ఉండదు. పంచాయతీ కార్యాలయాలకు అధికార పార్టీ రంగులు వేసిన వ్యవహారం 2020లో హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లి, చివరకు రంగులు మార్చవలసి వచ్చింది. బొమ్మ లేదు, అక్షరం లేదు, వట్టి రంగు. దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా నడిచిన నైరూప్య చిత్రకళ ప్రపంచంలో ఇంకెక్కడుందో విమర్శకులు చెప్పాలి.

బ్రెజిల్‌లో సావో పావ్లో నగరం 2007 నుంచి బయటి ప్రకటనలను నిషేధించింది. హోర్డింగులు వేలల్లో దించేశారు. ఊరి గోడలు కనబడ్డాయి, చిత్రకారులు వాటి మీద పడ్డారు. పదేళ్లకు కొత్త మేయరు వచ్చి, ఒక పెద్ద రహదారి పక్కనున్న ఆ బొమ్మల మీదా బూడిదరంగు కొట్టించి తిట్లు తిన్నాడు. అంత దుందుడుకుతనం మనకు పడదు. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలోనూ ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించారు, బట్ట మీద ముద్రించుకోమన్నారు. నవంబరు ఒకటి నుంచి అమలు అన్నారు. ఆ తేదీ 2023 జనవరి 26కు జరిగింది. ఆ నిషేధానికి స్వాగతం పలుకుతూ ఎవరైనా ఫ్లెక్సీ కట్టారేమో తెలియదు గాని, కట్టి ఉంటే నేను ఆశ్చర్యపోను.

ప్రభుత్వం వారు కళను పట్టించుకోరని కాదు. స్వచ్ఛ సర్వేక్షణ్ బృందం వస్తుందనగానే వంతెన స్తంభాలు కళకళలాడిపోతాయి. కూచిపూడి నర్తకి, కొండపల్లి బొమ్మ, అమరావతి స్తూపం, మొక్క నాటుతున్న పాప. వేసినవాళ్లు నిచ్చెన మీద ఎండలో నిలబడి, చేతనైనంత బాగానే వేస్తారు. ఆ తర్వాత ప్రజల భాగస్వామ్యం మొదలవుతుంది. నర్తకి గజ్జెల మీద 'ముప్పై రోజుల్లో స్పోకెన్ ఇంగ్లీష్', నడుము మీద 'మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం', కొండపల్లి ఏనుగు తొండం మీద 'టు-లెట్, శాకాహారులకు మాత్రమే'. అడుగున తాంబూల ప్రియుల ఎరుపు. లండన్‌లో బెన్ విల్సన్ అనే ఆయన జనం ఉమ్మేసిన చూయింగ్ గమ్ ముద్దల మీద బుల్లి బుల్లి బొమ్మలు వేస్తాడు. ఉమ్మినవాడు ఒకడు, కళాకారుడు ఇంకొకడు. మనవాడు రెండు పనులూ ఒక్కడే చక్కబెడతాడు. ఆ ఎరుపును ఆపడానికి మెట్ల మూలల్లో దేవుళ్ల టైల్స్ అతికిస్తారు. వెంకన్న, ఏసు, మక్కా, మూడు మతాలూ భుజం భుజం కలిపి మోకాలి ఎత్తున కాపలా కాస్తుంటాయి. ఇంత మత సామరస్యం సభల్లో కూడా చూడలేదు.

న్యూయార్క్ సంగతి మాత్రం మనవాళ్ల చెవిన పడకుండా జాగ్రత్తపడాలి. అక్కడ ఫైవ్ పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ గోడల నిండా బొమ్మలుండేవి. 2013లో యజమాని రాత్రికి రాత్రి తెల్లరంగు కొట్టించాడు. గోడ యజమానిదే, అయినా బొమ్మ కళాకారుడిదని అక్కడ 1990 నుంచి ఒక చట్టం ఉంది. 2018లో న్యాయమూర్తి 21 మంది చిత్రకారులకు 67 లక్షల డాలర్లు కట్టమన్నారు.

ఆ చట్టం ఇక్కడికి వస్తే ఏలూరు రోడ్డు నుంచి గుంటూరు లాడ్జి సెంటర్ దాకా ఎంతమందికి బాకీ పడతామో ఊహించుకోండి. గోడ రాతల పెయింటర్లు ఉండేవారు. ముందు సున్నం కొట్టి, నీలం పొడి అద్దిన దారాన్ని ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి వదిలితే గోడ మీద గీత పడేది. ఆ గీతల మధ్య పట్టీ కుంచెతో ఎరువుల ప్రకటన, పురుగుమందు ప్రకటన, సభకు తరలిరండి అన్న పిలుపు. అక్షరానికి నీడ, నీడకు అంచు. 'త' తలకట్టును ఒక్క విసురులో తిప్పేవాడి చేయి చూడటానికి బడికి వెళ్లే పిల్లలు ఆగిపోయేవారు. అంతా అయ్యాక కుడి మూల చిన్నగా 'ఫలానా ఆర్ట్స్' అని సంతకం. అడుగుల లెక్కన కూలి. ఇప్పుడు ఎన్నికల ముందు మాత్రం వాళ్లలో కొందరికి పని దొరుకుతుంది, అది కూడా 'ఈ గోడ రిజర్వు' అని రాయడానికి. రిజర్వు చేసిన గోడ మీద ఏమి రాయాలో పార్టీ చెప్పేలోపు దాని మీదకు ఫ్లెక్సీ వస్తుంది.

కాబట్టి బెజవాడ వీధి చిత్రకళా యాత్ర వెంటనే మొదలు కావాలని కొందరం పెద్దల దగ్గర ప్రతిపాదన పెట్టాం. బీసెంట్ రోడ్డులో మొదలుపెట్టి, వన్‌టౌన్ మీదుగా దుర్గగుడి వంతెన కింద స్తంభాల వరకు. ముందుగా ఆహ్వాన కమిటీ వేశారు. ఆహ్వాన కమిటీ ఫ్లెక్సీలో గౌరవాధ్యక్షుల ఫొటో పక్కన కోశాధికారి ఫొటో ఉండాలా, కింద ఉండాలా అన్న దగ్గర సమావేశం ఆగింది. గోడ రాతల పెయింటరు ఒకరిని కూడా కమిటీలో వేసుకుందామని ఎవరో అన్నారు గాని, ఆయన పాస్‌పోర్టు సైజు ఫొటో ఎవరి దగ్గరా లేదట.