ఉపజిహ్విక గారికి, మా వియ్యంకుడి కండువా సాక్షిగా

గొంతులో, మింగేటప్పుడు గాలిగొట్టానికి మూతగా నిలిచే మహారాజశ్రీ ఉపజిహ్విక గారి దివ్యసముఖమునకు,

విజయనగరం నుంచి నమస్కరించి రాయునది. నిన్న కోట దగ్గర కల్యాణమండపంలో మా అమ్మాయి నిశ్చితార్థం. మొదటి పంక్తిలో వియ్యంకుడి గారికి ఎదురుగా కూర్చున్నాను. ఆకులో ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ఆయన ఏదో జోకు వేశారు. మగపెళ్ళివారి జోకు కదా, నవ్వాలి. నవ్వాను. సరిగ్గా అప్పుడే తమరు డ్యూటీ మరిచారు.

పొలమారింది. మామూలుగా కాదు. ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కి కళ్ళ వెంట దిగింది. నాలుగు మెతుకులూ ఒక పనస పీచూ ఎగిరి వెళ్ళి ఆయన పట్టు కండువా మీద వాలాయి. "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ మా అత్తగారు మాడు మీద తట్టారు. తలుచుకునేవాళ్ళంతా అక్కడే తింటున్నారండీ, ఇంకెవరు మిగిలారు? వియ్యపురాలు మాత్రం మా ఆవిడ చెవిలో "అన్నయ్యగారికి ఆయాసం ఏటైనా ఉందేటి వదినా?" అని అడిగిందట.

ఆయాసమా! నా ఊపిరితిత్తులు నిమిషానికి 12 నుంచి 20 సార్లు, నేను గుర్రుపెట్టి నిద్రపోతున్నా, అర లీటరు చొప్పున గాలి లాగి వదులుతున్నాయి. 21 శాతం ఆక్సిజన్‌తో లోపలికెళ్ళిన గాలి 16 శాతంతో బయటికొస్తోంది. వాటికి లేని బద్ధకం తమరికెందుకు? గొంతుముడి మీద వేలు పెట్టి గుటకేస్తే తెలుస్తుంది, స్వరపేటిక తానే పైకి లేచి తమరి దగ్గరికి వస్తుంది. తమరు కాస్త వెనక్కి వాలితే చాలు. పదో తరగతి బొమ్మలో నీకు బాణం గుర్తు గీసి మార్కు తెచ్చుకున్నవాణ్ణి, ఆ మొహమాటమైనా లేదా నీకు?

(ఊపిరితిత్తుల కింద ఉండి మాటిమాటికీ ఎక్కిళ్ళు తెప్పించే కండరం, ఉదరవితానం, దాని సంగతి వేరే ఉత్తరంలో.)

అసలు గొంతులో ఆ దారి వేసినవాణ్ణి అనాలి. మా విజయనగరం జంక్షన్‌లో రాయగడ లైను, హౌరా లైను ఏ గొడవా లేకుండా విడిపోతాయి. ఇక్కడేమో గాలి వచ్చే ముక్కు పైన, అది దిగే గొట్టం ముందు. అన్నం వచ్చే నోరు ముందు, అది దిగే గొట్టం వెనక. రెండూ గ్రసనిలో, అంటే నోటి వెనక గొంతు భాగంలో, ఒకదాన్నొకటి అడ్డంగా దాటాల్సిందే. మింగే ప్రతి మెతుకూ వాయునాళం నోటి మీదుగా పోవడం వింతేనని డార్విన్ 1859లోనే రాశాడు. ఇన్నేళ్ళయింది, ఇంకా ఓవర్‌బ్రిడ్జి పడలేదు. గేటు ఒకటి, గేటుమాన్‌వి నువ్వొక్కడివి, నువ్వూ జోకులు వింటూ కూర్చున్నావు!

సరేలే. నవ్వుకి గాలి కావాలి, గాలికి గేటు తెరవాలి. నోట్లో ముద్ద పెట్టుకుని నవ్వింది నేనే. ఆ దగ్గు రాకపోతే పనస పీచు కుడి శ్వాసనాళంలోకి జారేదేమో. ఎడమదానికంటే అది వెడల్పు, నిటారు, దారి తప్పినవి ఎక్కువగా అటే పోతాయి. కండువా ఉతుక్కోవచ్చు.

వచ్చే ఆదివారం వాళ్ళింట్లో భోజనం. మళ్ళీ పనసపొట్టేనట, జోకులూ ఆయనవే. నేను నోరు మూసుకుని తింటాను. నువ్వూ మూసుకో.

ఇట్లు,
ఇంకా ముక్కు మండుతున్న
ఆడపిల్ల తండ్రి