బన్నేరుఘట్టలో పులి, బండీపూర్‌లో రోడ్డు

ఆదివారం వచ్చిందంటే బెంగళూరు తెలుగు కుటుంబాల్లో ఎన్నో బన్నేరుఘట్ట జూ దారి పడతాయి. సఫారీ బస్సు కిటికీ జాలీకి ముఖాలు ఆనించిన పిల్లలు తెల్లపులి కనపడగానే కేరింతలు కొడతారు. కంచె వెంబడి పులి అటూ ఇటూ తిరిగి తిరిగి గడ్డి చచ్చి ఏర్పడిన బాటను మాత్రం ఎవరూ చూపించరు. దీనికి పులుల సంరక్షణ అని పేరు పెట్టడంతోనే నా పేచీ.

తెల్లపులి వేరే జాతి కాదు. రంగును తగ్గించే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ సంక్రమించినప్పుడు పుట్టే మామూలు పులే. 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే తెల్లపులిని, ఆ రంగు నిలవడం కోసం, సొంత కూతురితోనే జత కట్టించారు; ఆ సంతతే దేశదేశాల జూలకు పాకింది. దగ్గరి రక్తసంబంధంతో వచ్చే చిక్కుల గురించి మేనరికాలు ఎరిగిన మనకు ఒకరు చెప్పాలా?

జూలే వద్దని అనను. సర్కస్‌లలో పులుల ఆటలు నిషేధించాక దిక్కులేని మృగాలకు బన్నేరుఘట్ట నీడనిచ్చింది. పులి మీద పిల్లలకు ఇష్టం అక్కడే మొదలవుతుందన్న మాటనూ కాదనలేను.

అయితే రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులులను వేటగాళ్లు ఊడ్చేశాక 2008లో అక్కడికి పులులను తెచ్చింది రణథంబోర్ అడవి నుంచి, ఏ జూ నుంచీ కాదు. పిల్ల దాదాపు రెండేళ్లు తల్లి వెంట తిరిగి వేట నేర్చుకుంటుంది. ఎన్‌క్లోజర్‌లో పుట్టినదానికి ఆ చదువూ లేదు, మనిషంటే బెదురూ లేదు. 2006లో 1,411గా ఉన్న పులుల అంచనా 2022 నాటికి 3,682కు చేరిందంటే ఆ ఘనత అడవిది, జింకలది, కాపలాదారులది.

ఎదిగిన మగపులి సొంత నెలవు వెతుక్కుంటూ ఒక అడవి నుంచి మరో అడవికి నడవాలి. ఆ నడకకు అడ్డం మన రోడ్లే. కర్ణాటకలోని బండీపూర్ పులుల అడవి మీదుగా వెళ్లే 766వ జాతీయ రహదారిపై రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాల రాకపోకలపై 2009 నుంచి అమలవుతున్న నిషేధం, నా లెక్కన, వంద తెల్లపులుల పెట్టు. దాన్ని ఎత్తేయాలన్న ఒత్తిడి మాత్రం ఏటేటా పెరుగుతోంది; సరుకు రవాణా పేరు చెబుతారు గానీ అందులో మన వారాంతపు విహారాలూ ఉన్నాయి. గుండ్లుపేట దాటాక చెక్‌పోస్టు దగ్గర, తొమ్మిది దాటి అయిదే నిమిషాలయిందంటూ ఫారెస్టు గార్డుతో ఒకాయన చక్కటి తెలుగులో వాదిస్తున్నాడు. కారు వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లాడి ఒళ్లో జూలో కొన్న పులి బొమ్మ ఉంది.