దీక్ష ముగిసిన మర్నాడు

కార్తీక మాసం వచ్చిందంటే కర్నూలులో ఏ వీధిలో చూసినా నల్లబట్టల స్వాములే. వాళ్లలో కొందరికి ఏడాది మొత్తంలో మందు ముట్టని రోజులు ఆ 41 రోజులే. మా మామ అలా ఐదేళ్లు వరుసగా మాల వేశాడు. ఐదుసార్లూ శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రెండు మూడు రోజుల్లోనే పాత బస్టాండు దగ్గరి షాపు ముందు నిలబడ్డాడు. "అన్ని దినాలు లేని ఆశ ఇప్పుడేంటికొచ్చె నాయనా?" అని మా అత్త ఏడ్చేది. చుట్టాలందరిదీ ఒకటే తీర్పు: మానగలడని రుజువైంది, అయినా మానడం లేదు, కాబట్టి పొగరు.

ఆ తీర్పు తప్పు. దానివల్ల ఇళ్లు కూలుతున్నాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నడిమి మెదడులో ఉండే కొన్ని కణాలు న్యూక్లియస్ అకంబెన్స్ అనే చిన్న కేంద్రానికి డోపమైన్ అనే రసాయనాన్ని పంపుతాయి. దాన్ని ఆనందం ఇచ్చే రసాయనమని రాస్తుంటారు గానీ, దాని అసలు పని నేర్పడం. వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పళ్లరసం ఇస్తూ ఈ కణాలను గమనించారు. మొదట్లో రసం నోట్లో పడినప్పుడు అవి చురుగ్గా స్పందించేవి. రసానికి ముందు లైటు వెలుగుతుందని కోతికి తెలిశాక, లైటు చూడగానే స్పందించడం మొదలైంది. ఆ తర్వాత రసం రాకపోతే వాటి చురుకు మామూలు స్థాయి కంటే కూడా పడిపోయేది.

అన్నం, ఆట, పొగడ్త ఏదైనా అనుకున్నంత దొరికాక ఈ కణాలు సద్దుమణుగుతాయి. మత్తు పదార్థం వాటిని అలా సద్దుమణగనివ్వదు. విడుదలైన డోపమైన్ వెనక్కి వెళ్లే దారిని కొకైన్ మూసేస్తుంది. డోపమైన్ కణాలకు ఉండే బ్రేకును హెరాయిన్ వదులు చేస్తుంది. గంజాయిలోని టీహెచ్‌సీ మన మెదడే తయారుచేసుకునే ఆనందమైడ్ అనే రసాయనం స్థానంలో కూర్చుంటుంది. (1992లో కనుగొన్నప్పుడు దానికి మన 'ఆనందం' అనే మాటతోనే పేరు పెట్టారు.) మందు అయితే ఎండార్ఫిన్లనే, నొప్పి తగ్గించే మన సొంత రసాయనాలను రేపి, వాటి ద్వారా డోపమైన్ పెంచుతుంది. ప్రతిసారీ అనుకున్నదానికంటే ఎక్కువే దొరికిందని మెదడు లెక్కేసుకుంటుంది. ఆ షాపు బోర్డు, సాయంత్రం ఏడు గంటలు, పక్కన కూర్చునే దోస్తు, బజ్జీల వాసన, అన్నీ కోతి చూసిన లైటులా మారిపోతాయి.

ఇప్పుడు దీక్ష సంగతి చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, కాళ్లకు చెప్పుల్లేవు, పడక నేల మీద, సాయంత్రమైతే భజన. కట్టుకున్న భార్య కూడా స్వామీ అనే పిలుస్తుంది. తాగుడును గుర్తుచేసేవన్నీ ఒక్కరోజులో మాయమవుతాయి. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికులు 1971లో ఇంటికి తిరిగొచ్చాక లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్ల సంగతి ఆరా తీశారు. తొలి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు దాదాపు 5 శాతమే. వాళ్లు మత్తు నేర్చిన చోటును వదిలి వచ్చారు. మా మామ మాల తీసి, సరిగ్గా నేర్చిన చోటికే వెళ్లాడు. మెదడు నేర్చినది 41 రోజుల్లో చెరిగిపోదు.

ఇంకో ప్రమాదం గురించి కూడా చెప్పాలి. రోజూ బాగా తాగేవాళ్లు మాల కోసమో, ఒట్టు కోసమో ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. మందు మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనానికి బలమిస్తుంది, ఉద్రేకపరిచే గ్లుటామేట్ అనే రసాయనాన్ని అణచిపెడుతుంది. దానికి ఎదురుగా మెదడు ఏళ్ల తరబడి తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. మందు హఠాత్తుగా ఆగితే ఆ ఉద్రేకాన్ని ఆపేదేమీ ఉండదు. మొదట చేతులు వణుకుతాయి, తర్వాత ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేని పురుగులు గోడల మీద పాకుతున్నట్టు కనిపించవచ్చు. మన పల్లెల్లో దాన్ని గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. ఆ మనిషిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కర్నూలు సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. దీక్షకు ముందే అక్కడికి వెళ్లొస్తే దీక్షకు లోపమేమీ రాదు.

తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే పొడులైతే అసలు వద్దు. అందులో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) ఉంటే, అది తెలియక తాగిన మనిషికి బీపీ పడిపోయి చనిపోయే ప్రమాదముంది. డాక్టర్ పర్యవేక్షణలో వాడే నాల్‌ట్రెక్సోన్ లాంటి మాత్రలు కోరికనే తగ్గిస్తాయి. ఎయిమ్స్ 2019 నివేదిక ప్రకారం మద్యం సమస్యకు సాయం అవసరమైనవాళ్లు దేశంలో 5.7 కోట్లకు పైనే. సరిహద్దు పల్లెల్లో కర్ణాటక మద్యం టెట్రా ప్యాకెట్లు పట్టుబడటం మనకు రోజువారీ వార్త. పట్టుకోవడానికి పెట్టే శ్రద్ధలో కొంతైనా మాన్పించడానికి పెడితే బాగుండు.

గురుస్వాములను ఒకటి అడగాలనుంది. మాల తీశాక కూడా వారానికి రెండు సాయంత్రాలు ఆ భజన బృందం కలిసేలా చూడండి. ఖాళీ సాయంత్రమే ఆ మనిషిని షాపు దాకా నడిపిస్తుంది.

ఆరో ఏడు మా మామ ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి, తర్వాత మాల వేశాడు. మాల తీశాక అత్త ఆయన్ను పాత బస్టాండు వైపు పోనివ్వలేదు, సాయంత్రాలు మా చిన్నాన్న టైలరింగ్ షాపులో కూర్చోబెట్టింది. ఉగాదికి ఒకసారి తాగాడు. ఈసారి అత్త ఏడవలేదు, మర్నాడు పొద్దున్నే ఓపీ చీటీ రాయించడానికి ఆయన్ను వెంటబెట్టుకుని పోయింది.