శాలువా ఒకటే తెచ్చారు

మొన్న ఒక పరిషత్తు నాటక పోటీల్లో మా నాటికకి ఉత్తమ రచన బహుమతి వచ్చింది. ఏ పరిషత్తో చెప్పను, మళ్ళీ వాళ్ళ దగ్గరే ఆడాలి. మైకులో నా పేరొక్కటే పిలిచారు. శాలువా ఒకటే, మెమెంటో ఒకటే. స్క్రిప్టు మీద రెండు పేర్లున్నాయి, కరపత్రంలోనూ ఉన్నాయి. "ఇద్దరం రాశామండీ" అని చెవిలో చెబితే నిర్వాహకుడు నవ్వేసి, "అసలు రాసింది మీరే కదండీ, వారేదో సలహాలిచ్చి ఉంటారు" అన్నాడు. నాతో కలిసి రాసిన మావాడు మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ "అసలు రాసిందెవరు" పద్దెనిమిదేళ్ళ నుంచి వింటున్నాను. కలం నా చేతిలో ఉంటుంది కాబట్టి రచయిత నేనట!

మేము రాసే పద్ధతి చెబుతాను. వాడిది గుంటూరు బ్రాడీపేట, నాది బెజవాడ సత్యనారాయణపురం. ఆదివారం ఎవరో ఒకరం బస్సెక్కుతాం. వాడు కాగితం ముట్టడు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ తండ్రి మాట, కోడలి మాట తనే అంటాడు. నేను రాస్తాను, అడ్డం పడతాను, వాడు తిడతాడు. ఈ నాటికలో పొలం అమ్మి కొడుకుని చదివించిన తండ్రి, తిరిగి ఇంటికొచ్చేసరికి తలుపుకి తాళం ఉంటుంది. అక్కడ ఆయన చేత పేజీన్నర మాట్లాడించాను. నాకు నచ్చిన పేజీన్నర అది. మావాడు మొత్తం కొట్టేసి, "తాళం కొత్తదిరా" అన్న ముక్క ఒక్కటి ఉంచాడు. నాలుగు రోజులు వాడితో మాట్లాడలేదు. రిహార్సల్లో మా నటుడు ఆ ముక్క అనగానే, టీ తెచ్చిన కుర్రాడు గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తాళం కొత్తదన్న సంగతి నా పేజీన్నరలోదే, ఏ మూలో ఉంది. తవ్వి తీసింది వాడు. ఇప్పుడు చెప్పండి, ఆ మాట ఎవరిది?

పోనీ, ఇది తెలియని ఊళ్ళా మనవి? కురుక్షేత్రం పద్యాలు మైకులో వినకుండా పెరిగినవాళ్ళు మా వయసులో ఉన్నారా ఇక్కడ? ఆ పద్యాలున్న 'పాండవ ఉద్యోగ విజయాలు' నాటకాలు ఇద్దరివి, తిరుపతి వెంకట కవులవి. దివాకర్ల తిరుపతి శాస్త్రి 1920లోనే పోయారు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి 1950 దాకా ఉన్నారు, తోడు పోయాక తానొక్కరే రాసినవాటికి కూడా ఆ జంట పేరు పెట్టుకున్నారు. వన్స్‌మోర్ కొట్టినప్పుడు ఏ కృష్ణుడైనా "ఈ పద్యం ఇద్దరిలో ఎవరిదండీ" అని ఆగాడా?

అంతెందుకు, 1947 నాటి 'మాభూమి' నాటకం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాశారు. అంతకుముందు 'ముందడుగు' కూడా ఇద్దరిదే. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి వాళ్ళు ఊరూరా ఆడారు, సర్కారు నిషేధించింది. నిషేధించేటప్పుడు "అసలు రాసిందెవరు" అని అడిగి ఒకరిని వదిలేయలేదు కదా! (మాభూమి అనగానే 1979 సినిమా అనుకునేవాళ్ళకి: దానికి ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల. ఈ నాటకం వేరు.)

సెట్టుకి డబ్బులిచ్చి పేరు పక్కన పేరు వేయించుకున్న 'సహరచయితలు' లేరా అంటే ఉన్నారు, నాకు తెలుసు. అలాంటివాళ్ళని చూసి మావాడిని కూడా ఆ గాటన కట్టేస్తే ఎలా?

తిరుగు బస్సులో శాలువా వాడి ఒళ్ళో పెట్టాను. తిప్పి చూసి, "దుప్పటికి చిన్నది, తువ్వాలుకి పెద్దది. నువ్వే ఉంచుకో" అన్నాడు.

నిన్న ఇంకో పరిషత్తు ఎంట్రీ ఫారం వచ్చింది. 'రచయిత' అన్నచోట ఒక్క గీతే ఉంది. రెండు పేర్లూ ఇరికించి, మార్జిన్ దాటినా సరే అని వాడి పేరు ముందు రాసి ఫొటో పంపాను. వెంటనే ఫోన్. థాంక్స్ చెబుతాడేమో అనుకున్నా. "నా ఇంటిపేరు తప్పు రాశావు కదరా" అని పావుగంట తిట్టాడు.