డచ్చివాళ్ల 'పోలీసు చర్య' వెనక మెలిక

డచ్చివాళ్ల (నెదర్లాండ్స్) పాలన నుంచి విడిపోవడానికి ఇండోనేసియా పడ్డ గొడవని ఐక్యరాజ్య సమితికి తీసుకెళ్లింది భారత్, తీర్చింది సమితి అని ఓ వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నెల్లూరులో గ్రూప్స్‌కి చదివే పిలకాయలు ఇదే బట్టీ కొడతారు కాబట్టి కాస్త వివరంగా.

1947 జులైలో డచ్చివాళ్లు జావా, సుమత్రా దీవుల్లో, స్వతంత్రం ప్రకటించుకున్న ఇండోనేసియా రిపబ్లిక్ మీదికి సైన్యాన్ని నడిపి దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. ఊరికే కాదు. సమితి చార్టర్ (నిబంధనావళి) 2(7) ప్రకారం దేశాల అంతర్గత విషయాల్లో సమితి వేలు పెట్టకూడదు; 'పోలీసు చర్య' అంటే అది తమ ఇంటి గొడవే అని చెప్పుకోవచ్చు. కానీ ఆ మార్చిలోనే లింగజాతి ఒప్పందం మీద సంతకం చేసి, జావా, మదుర, సుమత్రాల్లో రిపబ్లిక్ అధికారం ఉందని వాళ్లే ఒప్పుకున్నారు. ఇంక అంతర్గతం ఎక్కడిది? జులై 30న భారత్ చార్టర్ 35వ అధికరణ (గొడవని మండలి దృష్టికి తెచ్చేది) కింద, ఆస్ట్రేలియా అంతకన్నా ఘాటైన 39 (శాంతికి భంగం కలిగిందనేది) కింద సమితి భద్రతా మండలికి వెళ్లాయి. ఆస్ట్రేలియా పేరు వ్యాసంలో లేనే లేదు! 1945 నుంచే అక్కడి రేవు కార్మికులు డచ్చి ఓడలకి సరుకు ఎత్తం పొమ్మన్నారు. మన కృష్ణపట్నం రేవు ఎరిగినవాళ్లకి ఆ దెబ్బేంటో చెప్పక్కర్లేదు.

ఆగస్టు 1 కాల్పుల విరమణ తీర్మానం నిలవలేదు. 1948 డిసెంబరు 19న డచ్చివాళ్లు రిపబ్లిక్ రాజధాని యోగ్యకర్త పట్టుకుని దాని నాయకులు సుకర్ణో, హట్టాలను నిర్బంధించారు. డచ్చివాళ్ల కొంప ముంచింది అదే. రిపబ్లిక్ సర్కారు మూడు నెలల ముందే జావాలోని మదియున్‌లో కమ్యూనిస్టు తిరుగుబాటుని అణిచింది, అమెరికా దాన్ని వదులుకుంటుందా? యుద్ధం తర్వాత యూరప్‌కి ఇస్తున్న మార్షల్ సాయంలో డచ్చి ఇండీస్ (ఇండోనేసియా) వాటా ఆపేసింది. 1949 జనవరిలో నెహ్రూ ఇదే విషయం మీద ఆసియా దేశాలను ఢిల్లీలో కూర్చోబెట్టారు. ఆ డిసెంబరు 27న అధికారం డచ్చివాళ్ల నుంచి ఇండోనేసియా చేతికి మారింది. పశ్చిమ న్యూగినీని మాత్రం పక్కనపెట్టారు, ఆ పేచీ 1962 దాకా సాగింది.